వానపాము చెప్పిన అదును

అనగనగనగా, మబ్బులు చుట్టాల్లా చెప్పాపెట్టకుండా ఇళ్ళలోకి వచ్చి కూర్చునే ఎత్తైన కొండల మీద, హేమగిరి అని ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో ఏడాదికి నాలుగు నెలలు చలి. అలాంటిలాంటి చలి కాదర్రా! కుండలో పోసి ఉంచిన నీళ్ళు తెల్లారేసరికి గడ్డకట్టేవి. కోడిపుంజు ముక్కు బయటపెట్టడానికి బద్ధకించి, గంప కిందనుంచే కూసేది.

ఆ నాలుగు నెలలూ జనం ఏం తినేవారు? ఉలవచారు. మర్నాడో? ఉలవచారే. పోనీ, పండగనాడు? ఉలవచారులో నాలుగు ఎండు చిక్కుడుగింజలు. అందుకే శిశిరం పోయి వసంతం వస్తోందంటే చాలు, పళ్ళు రాని పిల్లల నుంచి పళ్ళూడిన తాతల దాకా అందరి మనసూ పచ్చి కూరల మీదికే పోయేది.

ఆ రాజ్యంలో అన్ని ఊళ్ళకంటే పైన ఉన్న ఊరు గాలిమిట్ట. నలభై గడపలు. ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒక రైతు ఇల్లాలు ఉండేది. నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తురాలు. కాకపోతే పుట్టినప్పటి నుంచీ ఆమెకొక జబ్బు. ఏది చూసినా "ఎందుకు?" అని అడగడం.

"మేక గడ్డం ఎందుకు పెంచింది?" "పొగ పైకే ఎందుకు పోతుంది?" "ఉల్లిపాయ కోస్తే కోసినవాళ్ళే ఎందుకేడవాలి?"

ఆమె మొగుడు పోలయ్య నవ్వేవాడు. "అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అన్నారా! పెళ్ళిపీటల మీద కూర్చుని, అక్షింతలు నెత్తినే ఎందుకు వెయ్యాలని పురోహితుణ్ణి అడిగింది ఈ మహాతల్లి. ఆయన ఆలోచనలో పడితే ముహూర్తం కాస్తా దాటిపోయింది" అనేవాడు.

"ఇంతకీ ఎందుకు వెయ్యాలో నీకు తెలుసేమిటయ్యా?" అనేది దాలమ్మ.

పోలయ్యకి తెలీదు. తలగుడ్డ సర్దుకుని పొలానికి పోయేవాడు.

గాలిమిట్టలో ఒక ఆచారం ఉంది. అక్కడ ఎవరి విత్తనాలు వాళ్ళు దాచుకోరు. ఊరందరి విత్తనాలూ ఒక్క ఇంట్లోనే ఉంటాయి. బూడిద కలిపి, కుండలకెత్తి, మూతుల చుట్టూ పేడతో అలికి, ఆ ఇంటి ఇల్లాలు చలికాలమంతా కాపాడుతుంది. ఆమెని విత్తనాలమ్మ అంటారు. అదును రాగానే ఆమె చేతి మీదుగా కుండ విప్పాలి, మొదటి గింజ ఆమె చేత్తోనే నేలలో పడాలి. పంట బాగా పండితే, "ఆమె హస్తవాసి మంచిది" అంటారు. పండకపోతే, ఏమంటారో నేను వేరే చెప్పాలా?

ముప్ఫై ఏళ్ళు దాలమ్మ అత్తగారు అచ్చమ్మే విత్తనాలమ్మ. ఇరవై ఏడేళ్ళు ఆవిడ చేతికి జనం దణ్ణం పెట్టారు. ఆఖరి మూడేళ్ళు మాత్రం ఏం జరిగిందో తెలీదు, వేసిన విత్తనం వేసినట్టే నేలలో కుళ్ళిపోయింది. మొదట గుసగుసలు పోయారు. తర్వాత మొహం మీదే అన్నారు. "అచ్చమ్మ హస్తవాసి పోయింది!"

పాపం, ఆ ముసలావిడ చేతులకి పసుపు రాసుకుని కడిగేది. దీపం ముందు అరచేతులు చాపి, తిప్పి తిప్పి చూసుకునేది. ఈ చలికాలంలోనే కాలం చేసింది. పోయేముందు కోడలి చేతులు పట్టుకుని, "ఎందుకు, ఎందుకు అని లోకాన్నంతా అడుగుతావు కదే దాలమ్మా, నా చేతులకేమైందో కూడా అడిగి తెలుసుకోవే" అంది. ఆ మాట దాలమ్మ గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు దాలమ్మే విత్తనాలమ్మ. అటక మీద మూడు కుండలున్నాయి. ఒకదానిలో బఠాణీ, ఒకదానిలో ముల్లంగి, ఒకదానిలో చిక్కుడు. మూడేళ్ళ నష్టంతో కుండలు అడుగంటాయి. ఉన్నది ఒక్కసారి విత్తడానికే సరి. అవి కూడా కుళ్ళిపోయాయో, ఇక ఊరు లేదు. నలభై గడపలవాళ్ళూ తట్టాబుట్టా సర్దుకుని కొండ దిగి, ఊరుకాని ఊళ్ళో రాళ్ళు కొట్టుకుని బతకాల్సిందే.

ఇలా ఉండగా ఒకనాటి పొద్దున్న డప్పు మోగింది.

ఆ డప్పు సంగతి చెప్పాలి, వినండి. హేమగిరి రాజు మహీధరుడు. ఏటా చలి విరిగే వేళకి ఆయన స్వయంగా కోటలో ఒక బఠాణీ గింజ నాటుతాడు. అది మొలకెత్తిన రోజున కోటలో డప్పు కొడతారు. అది విని కింది ఊరివాళ్ళు కొడతారు, అది విని పై ఊరివాళ్ళు కొడతారు. అలా కొండ మీంచి కొండకి ఎక్కుకుంటూ డప్పు గాలిమిట్ట చేరుతుంది. డప్పు విన్న మూడో పొద్దు గూకేలోగా ఎవరి మడిలో వాళ్ళు విత్తనం వెయ్యాలి. వెయ్యని ఊరి నేలని రాజు తీసేసుకుంటాడు. అదీ ఆజ్ఞ.

డప్పు వినగానే ఊరు ఊరంతా వీధిలోకి ఉరికింది. ఎండ చురుక్కుమంటోంది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఊరిపెద్ద కూర్మయ్య కర్ర పొడుచుకుంటూ దాలమ్మ ఇంటికొచ్చాడు.

"అమ్మా దాలమ్మా! కుండలు దించు. ఆలస్యం అమృతం విషం!"

దాలమ్మ వాకిట్లో నిలబడి ఎండలోకి చెయ్యి చాపింది. వెచ్చగా ఉంది. వంగి, చెట్టు నీడలో నేల మీద చెయ్యి పెట్టింది. జివ్వుమంది.

"పెద్దయ్యా, కోటలో గింజ మొలిస్తే ఇక్కడ మనం ఎందుకు విత్తాలి?" అంది.

కూర్మయ్య నెత్తి కొట్టుకున్నాడు. "మొదలెట్టావా తల్లీ! రాజుగారు చెప్పారు కనక. మా తాత విత్తాడు, మా నాన్న విత్తాడు. ఎవరూ ఎందుకని అడగలేదు."

"వాళ్ళకి మూడేళ్ళు వరసగా కుళ్ళిపోలేదుగా. మూడు పొద్దుల గడువుంది కదా పెద్దయ్యా, కాస్త అడిగి చూస్తాను."

"ఎవర్ని అడుగుతావు?"

అది దాలమ్మకీ తెలీదు. ఎవరు కనబడితే వాళ్ళని అడుగుదామని బయల్దేరింది.

మొదటి రోజు పొలం గట్టున బండ మీద ఒక తొండ కనిపించింది. కళ్ళు మూసుకుని, పొట్ట బండకి ఆనించి, హాయిగా తల ఊపుతోంది.

"తొండ బావా, తొండ బావా! చలి పోయిందా?"

తొండ ఒక కన్ను తెరిచింది. "చలా? ఎక్కడి చలి? నా పొట్ట అప్పడంలా వేగిపోతుంటేనూ! పో, పోయి విత్తుకో. ఎండకి అడ్డం మాత్రం నిలబడకు" అంది.

దాలమ్మ బండ మీద చెయ్యి పెట్టి చూసింది. నిజమే, కాలుతోంది. తొండ అబద్ధం చెప్పలేదు. అయినా ఆమె మనసుకి ఎందుకో సరిపడలేదు. విత్తనం బండ మీద పెట్టం కదా!

రెండో రోజు రేగుచెట్టు కొమ్మన పికిలిపిట్ట కనిపించింది. తోకకింద ఎర్రగా, తల మీద కుచ్చుతో తెగ హడావిడి పడుతోంది.

"పికిలిపిట్టా, పికిలిపిట్టా! చలి పోయిందా?"

"పోయింది, పోయింది, ఎప్పుడో పోయింది! గాలి చూడు ఎంత వెచ్చగా ఉందో. చివుళ్ళు చూడు ఎంత లేతగా ఉన్నాయో. నేను గూడు కట్టుకోవాలి, పిల్లల్ని పెట్టాలి, నాకు తీరిక లేదు" అంటూ తుర్రుమంది.

దాలమ్మ తలెత్తి చూసింది. నిజమే, కొమ్మ చివర చివుళ్ళు. పిట్టా అబద్ధం చెప్పలేదు. కానీ విత్తనం గాల్లో పెట్టం కదా!

ఆ సాయంత్రం పోలయ్య గంజి తాగుతూ అడిగాడు. "ఇద్దర్ని అడిగావు. ఇద్దరూ ఒకటే మాట చెప్పారు. ఇంకా ఏమిటే నీ అనుమానం?"

"వాళ్ళు ఎవరింటి సంగతి వాళ్ళు చెప్పారయ్యా. తొండ బండ సంగతి చెప్పింది, పిట్ట కొమ్మ సంగతి చెప్పింది. మన గింజ ఉండబోయేది మట్టిలో. మట్టిలో కాపురమున్న వాళ్ళెవరు?"

పోలయ్య గంజి గిన్నె కింద పెట్టాడు. మొదటిసారిగా పెళ్ళాం ప్రశ్నకి అతనికి జవాబు తెలిసింది. "వానపాము!" అన్నాడు.

మూడో రోజు పొద్దున్నే దాలమ్మ గునపం పట్టుకుని మడిలోకి దిగింది. వేలెడు లోతు తవ్వింది. వానపాము లేదు. జానెడు తవ్వింది. లేదు. మట్టి గట్టిగా, వేళ్ళకి సూదులు గుచ్చినట్టు చల్లగా ఉంది. మూరెడు తవ్వింది. అప్పుడు కనిపించింది, దారపు ఉండలా తనలో తానే చుట్టుకుపోయి, నిద్రపోతున్న వానపాము.

"తలుపు మూసెయ్యి తల్లీ! చలిగాలి లోపలికొస్తోంది!" అని కేకేసింది.

"వసంతం వచ్చేసింది కదా, డప్పు వినలేదా?" అంది దాలమ్మ.

"వినకేం? నా నెత్తి మీదేగా కొట్టారు! మీ పైవాళ్ళకి వచ్చిందేమో వసంతం. మాకింకా పుష్యమాసమే."

"ఎందుకలా?"

వానపాము కాస్త తల బయటికి పెట్టింది. దాన్ని ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు మరి. పాపం, దానికి ముచ్చటేసింది. "ఎండ రాయి మీద పడితే ఆ పూటే రాయి కాలుతుంది. మట్టిలోకి దిగాలంటే దానికి రోజులు పడతాయి. పై పొర వెచ్చబడి, అది కింది పొరకివ్వాలి, అది దాని కిందిదానికివ్వాలి. ఇప్పుడు విత్తనం వేస్తే చలికి మొలవలేక, తడికి ఎండలేక, నానీ నానీ కుళ్ళిపోతుంది. మూడేళ్ళుగా చూస్తున్నాను. మీరు వెయ్యడం, అది నా పక్కనే కుళ్ళడం. ఆ కంపు భరించలేక చచ్చాననుకో!"

దాలమ్మ గునపం పక్కన పెట్టి ఇంకా కిందికి వంగింది. "మరి ఎప్పుడు వెయ్యమంటావు?"

"నాకు తిథులూ వారాలూ తెలీవు తల్లీ. ఎండ కిందికి దిగేకొద్దీ నేను పైకి ఎక్కుతాను. జానెడు తవ్వితే నేను కనబడ్డ రోజున బఠాణీలు పెట్టు. అవి చలికి ఓర్చుకునే రకం. వేలెడు తవ్వితే కనబడ్డ రోజున ముల్లంగి చల్లు. వాన పడి, నువ్వు తవ్వకుండానే నేను పైకొచ్చి పాకుతుంటే చూడు, అప్పుడు చిక్కుడు పెట్టు. చిక్కుడు మరీ సుకుమారం. కొత్తల్లుడి లాంటిది, మర్యాద చెయ్యనిదే లేవదు. ఇక తలుపు మూసెయ్యి."

దాలమ్మ మట్టి కప్పేసి, ఒక్క పరుగున ఊళ్ళోకి వచ్చింది. అప్పటికే ఊరంతా ఆమె వాకిట్లో ఉంది. పొద్దు పడమటికి వాలుతోంది. వానపాము చెప్పిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"వానపాము మాట విని రాజుగారి మాట కాదంటావా?" అని కూర్మయ్య కర్ర నేలకేసి కొట్టాడు. "ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారట! నీ ఒక్కదాని మూలంగా నలభై గడపలూ నేల పోగొట్టుకోవాలా?"

"విత్తితే గింజలు పోతాయి. విత్తకపోతే నేల పోతుంది" అంది దాలమ్మ నెమ్మదిగా. "రెండూ పోకూడదు. పెద్దయ్యా, డప్పు విన్న మూడో పొద్దుకి విత్తనం నేలలో పడాలన్నారు. ఎన్ని పడాలో చెప్పారా?"

కూర్మయ్య గడ్డం గోక్కున్నాడు. "చెప్పలేదు."

"రాజుగారు మాత్రం ఎన్ని నాటారు? ఒక్కటి. దాన్ని చూశాకేగా డప్పు కొట్టించారు! మనమూ కుండకొక గింజ వేసి చూద్దాం. పది రోజుల తర్వాత అందరి ముందూ తవ్వుదాం. గింజ బాగుంటే కుండలన్నీ ఒంపేస్తాను, నా చెంప నేనే వాయించుకుంటాను."

జనం సణిగారు. కొందరు తిట్టారు కూడా. కానీ విత్తనాలమ్మ చెయ్యి పడకుండా కుండ విప్పకూడదు కదా. పొద్దు గూకేలోగా దాలమ్మ మడిలో మూడు గింజలు పెట్టింది. ఒక బఠాణీ, ఒక ముల్లంగి, ఒక చిక్కుడు. కుండలకి మళ్ళీ మూతలు పెట్టి అలికేసింది. ఆ పది రోజులూ ఆమెకి ముద్ద దిగితే ఒట్టు. నీళ్ళకి వెళ్తే ఆడవాళ్ళు పలకరించలేదు. "అత్తకి చెయ్యి పోయింది, కోడలికి మతి పోయింది" అని వెనక నవ్వారు.

పదో రోజు వచ్చింది. ఊరంతా మడి చుట్టూ చేరింది. తవ్వడానికి కూర్మయ్యే కూర్చున్నాడు. చిక్కుడుగింజ వేళ్ళ మధ్య మెత్తగా చితికిపోయింది. ముల్లంగి గింజ నల్లబడి మట్టిలో కలిసిపోయింది. ఓర్పుగల బఠాణీ కూడా ఉబ్బి, కుళ్ళి, వాసనేస్తోంది. ఆ వాసన అందరికీ తెలుసు. మూడేళ్ళుగా పీల్చిన వాసనే అది.

కూర్మయ్య గట్టు మీద చతికిలబడ్డాడు. "అమ్మ నాయనో! కుండలు ఒంపేసి ఉంటే ఏమై ఉండేది?" అన్నాడు. ఆ రోజు మొదలు గాలిమిట్టలో పెద్దాచిన్నా అందరికీ ఒకటే పని. పొద్దున్న లేవగానే గునపం పట్టుకుని వానపాము ఎంత లోతున ఉందో చూసి రావడం.

అది మూర నుంచి జానన్నరకి, ఆ తర్వాత జానెడు మీద నాలుగు వేళ్ళకి ఎక్కింది. మధ్యలో ఒకసారి మంచు కురిస్తే అలిగి మళ్ళీ దిగిపోయింది. చివరికి ఒకనాడు సరిగ్గా జానెడు లోతున కనిపించింది. దాలమ్మ బఠాణీ కుండ విప్పి, పసుపు రాసిన చేత్తో మొదటి గింజ పెట్టింది. ఆ రోజే ఊరంతా బఠాణీలు పెట్టుకున్నారు.

సరిగ్గా రెండు రోజులకి గుర్రం మీద కోట నుంచి తోటల అధికారి వచ్చాడు. మీసాలు మెలేసి మడులన్నీ చూశాడు. మట్టి తప్ప ఒక్క మొలక లేదు. అటక మీద చూస్తే రెండు కుండలకి వేసిన మూతలు వేసినట్టే ఉన్నాయి.

"ఓహో! అదన్నమాట సంగతి! రాజ్యంలో ప్రతి ఊళ్ళోనూ విత్తనం కుళ్ళిపోయి జనం గోలపెడుతుంటే ఎందుకా అనుకున్నాం. మీరు ఆజ్ఞ మీరితే వచ్చిన అరిష్టం అది! పదవే కోటకి. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా!" అని గర్జించాడు. గడువులోగా మూడు గింజలు వేశామన్నా వినిపించుకోలేదు.

పోలయ్య మొహం పాలిపోయింది. "నేనూ వస్తాను" అన్నాడు.

"నువ్వు వస్తే మొలకలకి కాపలా ఎవరయ్యా? పిట్టలు తినిపోతాయి" అంది దాలమ్మ.

అప్పుడు కూర్మయ్య కర్ర పట్టుకుని ముందుకొచ్చాడు. "ఊరిపెద్దని నేనుండగా మా విత్తనాలమ్మ ఒక్కతీ వెళ్ళడమేమిటి? పద తల్లీ."

రెండు రోజులు కొండ దిగి కోట చేరారు. సభ నిండుగా ఉంది. మహీధరుడు మంచివాడే పిల్లలూ. కాకపోతే రాజు కదా, చెప్పులు విప్పి నేల మీద నడిచి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

అధికారి ఉన్నవీ లేనివీ కల్పించి చెప్పాడు. రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "నా ఆజ్ఞ మీరి రాజ్యానికి కీడు తెచ్చావు. గాలిమిట్ట నేలనీ, విత్తనాల కుండల్నీ స్వాధీనం చేసుకోమంటాను. ఏమైనా చెప్పుకునేదుందా?"

దాలమ్మ చేతులు జోడించింది. "చెప్పుకునేది లేదు మహారాజా. అడిగేదే ఒకటుంది."

కూర్మయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"తమరు నాటిన బఠాణీ చలిలో మొలిచింది. మా గింజ అదే చలిలో కుళ్ళింది. ఎందుకు ప్రభూ? ఆ మొక్క ఉన్న చోటు నాకొక్కసారి చూపిస్తారా?"

సభంతా గుసగుసలు. రాజుకి కోపం రావలసింది, ఎందుకో కుతూహలం వచ్చింది. ఆయన కూడా ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు మరి. సింహాసనం దిగి తనే ముందు నడిచాడు.

కోట లోపల ఒక ఎత్తైన గోడ. గోడ మొదట్లో చిన్న పాదు. అందులో ముచ్చటైన బఠాణీ తీగె, అప్పుడే పూతకొచ్చింది. దాలమ్మ దానికి దణ్ణం పెట్టి, పాదులో వేలు గుచ్చింది. మట్టి గోరువెచ్చగా ఉంది. గోడకి అరచెయ్యి ఆనించింది. వెంటనే తీసేసింది.

"ఈ గోడకి అవతల ఏముంది ప్రభూ?"

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి అధికారి వైపు చూశాడు. అధికారి తన మీసాల వైపు చూసుకున్నాడు. ఇంతలో గోడ పక్క గుమ్మంలోంచి వంటమనిషి ఒకడు గరిటెతో సహా తొంగిచూశాడు.

"వంటశాల తల్లీ! ఈ గోడ పొడుగునా గాడిపొయ్యిలు. చలికాలమంతా ఆరనివ్వం."

"ఎన్నేళ్ళయింది నాయనా ఈ వంటశాల కట్టి?"

"కొత్తదేనమ్మా. మొన్న దీపావళికి మూడేళ్ళు."

మూడేళ్ళు! దాలమ్మ ఆ గోడ ముందు నేల మీద కూలబడిపోయింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "అత్తా! నీ చేతులకేమీ కాలేదు అత్తా! నీ చేతుల్లో ఏ లోపమూ లేదు!" అని వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కనే కూర్మయ్య తలగుడ్డ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. అచ్చమ్మ మొహం మీద ఆ మాట అన్నవాళ్ళలో ఆయనా ఒకడు.

రాజుకి ఏమీ అర్థం కాలేదు. "ఎవరమ్మా మీ అత్త? ఏం జరిగింది?" అని అడిగాడు. దాలమ్మ కళ్ళు తుడుచుకుని మొదటినుంచీ చెప్పింది. అంతా విని రాజు తనూ ఆ గోడకి అరచెయ్యి ఆనించి చూశాడు.

"ప్రభూ, కోపగించుకోనంటే ఒక్క మనవి. చెప్పులు విప్పి ఈ పాదులో కాలు పెట్టండి."

రాజు పెట్టాడు. "వెచ్చగా ఉంది."

"ఇప్పుడు అదిగో, ఆ తోట మధ్యలో పెట్టండి."

రాజు పది అడుగులు నడిచి, తోట నడుమ మట్టిలో కాలు పెట్టాడు. "అబ్బ!" అని వెనక్కి తీసుకున్నాడు. రాజు అబ్బా అనడం ఆ కోటలో అంతకుముందు ఎవరూ వినలేదు. వంటమనిషి ఫక్కున నవ్వి, గరిటె నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంకొక చోటుంది ప్రభూ. అది రెండు రోజుల దూరంలో, మా గాలిమిట్టలో ఉంది" అంది దాలమ్మ.

అధికారి ఏదో అనబోయాడు. రాజు చెయ్యెత్తి ఆపాడు. అందరూ వింటుండగా ఇలా అన్నాడు. "మూడేళ్ళుగా నా రాజ్యమంతా నా వంటింటి పొయ్యి వేడి చూసుకుని విత్తనాలు వేసింది. పోయిన పంటకి తప్పు అచ్చమ్మది కాదు, దాలమ్మది కాదు. అడగకుండా డప్పు కొట్టించిన నాది. గింజలు పోగొట్టుకున్న ప్రతి ఊరికీ కోట గాదెల్లోంచి మళ్ళీ విత్తనాలివ్వండి. గాలిమిట్టకి నేనే వెళ్తున్నాను."

వెళ్ళాడు కూడా! పల్లకి ఆ దారిలో ఎక్కదు కదా, నడిచే వెళ్ళాడు. చివరి మెట్టకి చేరేసరికి ఆయాసంతో మాట రాలేదు. మడుల్లో నల్లటి మట్టి చీల్చుకుని బఠాణీ మొలకలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్క గింజ తప్పలేదు. రెండు కర్రలు పుచ్చుకుని పోలయ్య పిట్టల్ని అదిలిస్తూ, ఎదురుగా వస్తున్నది రాజని తెలీక, "మడి తొక్కకయ్యా!" అని కేకేశాడు.

రాజు మడి తొక్కలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీదే నిలబడ్డాడు. దాలమ్మ వంగి వేలెడు లోతు తవ్వింది. ఎర్రగా, జిడ్డుగా వానపాము మెరిసింది. "ముల్లంగి వేళయింది ప్రభూ" అంది.

"చిక్కుడో?" అన్నాడు రాజు ఆశగా. ఆయనకి చిక్కుడుకాయ కూరంటే ప్రాణం.

"ఇంకా లేదు. వాన పడనివ్వండి."

ఆయనకి ఆజ్ఞలిచ్చే అలవాటే కానీ, ఆగే అలవాటు లేదు. అయినా ఆగాడు. తొమ్మిదో రోజు వెచ్చటి వాన కురిసింది. వాన వెలిశాక చూస్తే మడుల నిండా వానపాములు! చిక్కుడు కుండ విప్పారు.

"మొదటి గింజ తమరు పెట్టండి ప్రభూ" అన్నాడు కూర్మయ్య మర్యాదకి.

"వద్దు. విత్తనాలమ్మ హస్తవాసి మంచిది, ఆమెనే పెట్టనివ్వండి" అన్నాడు రాజు.

దాలమ్మ అరచేతులకి పసుపు రాసుకుని, ఒక్కసారి వాటివైపు చూసుకుని, గింజ పెట్టింది. ఆ ఏడు గాలిమిట్టలో పండిన పంటకి కుండలు చాలలేదు. కోట డప్పు ఆగిపోయింది. ఏ ఊరి అదును ఆ ఊరే చూసుకుని విత్తుకోవాలని రాజు కొత్త ఆజ్ఞ వేశాడు. కూర్మయ్య అచ్చమ్మ సమాధి దగ్గరికి పోయి, ఎవరూ చూడటం లేదనుకుని, లెంపలు వేసుకుని వచ్చాడు. నేను చూశాను కనక మీకు చెబుతున్నాను.

అందుకే పిల్లలూ, గుర్తుపెట్టుకోండి: తన పొయ్యి దగ్గర కూర్చుని ఎదుటివాడి చలి కొలవకూడదు, మట్టి సంగతి మట్టిలో ఉన్నవాణ్ణే అడగాలి.